సముద్రం కింద మూడు రోజులు

ఆ శనివారం పొద్దున ఫిల్మ్ నగర్‌లోని ఆ మేడలో ఎవరెవరున్నారో ముందు చెప్పుకోవాలి. సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి పనిచేసి, ఇంట్లో భోజనానికి లేచినా "లంచ్ బ్రేక్!" అని కేకేసే త్రినాథరావు ఉన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ కేకకు పలకని ఆయన భార్య లీలాకుమారి ఉంది. పళ్ళ డాక్టరు చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్న కూతురు పద్మప్రియ ఉంది. త్రినాథరావు తల్లి, ఇంటిల్లిపాదీ మామ్మ అని పిలిచే పెద్దావిడ ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల యూరప్ వెళ్ళనిది ఆవిడొక్కతే. యూరప్‌లో ఎక్కడికి వెళ్ళాలో అందరికంటే గట్టిగా చెబుతున్నదీ ఆవిడే.

వీళ్ళు కాక ప్రణతి. ప్రణతి ఒక గదిలో ఉన్నదీ లేనిదీ ఎవరికీ వెంటనే తెలిసేది కాదు. ఆమె లీలాకుమారి చెల్లెలి కూతురు. గోదావరి లంకల్లోని ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్ చదవడానికి పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు చున్నీ కొసను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టేది. ఆ చుట్టడం పూర్తయి మాట బయటికి వచ్చేలోపు అడిగినవాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంతకీ ఆ పొద్దున సమస్య చిన్నదే. దసరా సెలవుల్లో నలుగురూ తెలుగువాళ్ళ టూరు బస్సులో యూరప్ తిరగబోతున్నారు. టూరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ముగుస్తుంది. ఆ రోజు విమానంలో సీట్లు లేవు, మూడు రోజుల తర్వాత ఉన్నాయి. ఆ మూడు రోజులూ ఎక్కడ గడపాలి? మధ్యాహ్నం పన్నెండు లోపు ఊరి పేరు చెప్పకపోతే ఏర్‌పోర్టు పక్క హోటల్లో పడేస్తానని ట్రావెల్స్ అతను చెప్పేశాడు.

"సాల్జ్‌బర్గ్," అన్నాడు త్రినాథరావు, అట్టు తుంచుతూ. "అక్కడ చెరువు పక్కన ఎన్ని పాటలు తీశామో! ఒక్కసారి కూడా తలెత్తి ఆ చెరువు చూసిన పాపాన పోలేదు. చలిలో సాంబారు గడ్డకట్టకుండా చూసుకోవడంతోనే సరిపోయింది."

"మీరు అడుగుపెట్టిన ఊరికి నేను రాను," అంది లీలాకుమారి. "ఇక్కడ క్రేన్ పెట్టాం, అక్కడ హీరోయిన్ కాలు బెణికింది అని మూడు రోజులూ చంపుతారు. మీరు ఎప్పుడూ వెళ్ళని చోటు కావాలి నాకు. అక్కడ మీరు కూడా నాతో సమానంగా నోరు తెరుచుకుని చూడాలి."

"నేను వెళ్ళని చోటు ఎక్కడుంది లీలా?"

"పారిస్!" అంది పద్మప్రియ. "టూరువాళ్ళు ఒక్క పూటే చూపిస్తారు నాన్నా, అదీ మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో ఫోటో దిగితే నా పేషెంట్లు కూడా గుర్తుపట్టరు."

"మీరంతా నోళ్ళు మూసుకుని స్విట్జర్లాండ్ వెళ్ళండి," అంది మామ్మ. "వెనకింటి వందన రెండుసార్లు వెళ్ళొచ్చి మూడేళ్ళుగా చెబుతోంది."

"అది టూర్లోనే ఉంది మామ్మా."

"ఉంటే? మళ్ళీ చూడండి. ఒకసారి చూస్తే ఏం గుర్తుంటుంది?"

ప్రణతిని ఎవరూ అడగలేదు. అడగరనీ ఆమెకు తెలుసు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే తీసుకెళ్తానని పెద్దమ్మ మాటిచ్చింది, నిలబెట్టుకుంది. ఆపైన ఊరు కూడా నన్నే ఎంచుకోనివ్వండి అనడం అత్యాశ అవుతుంది. కానీ ఆమె మనసులో ఒక ఊరు కాదు, ఏకంగా ఒక దేశమే ఉంది. ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు పటం మీద బెత్తం ఆనించి, "ఇది నెదర్లాండ్స్. ఇక్కడ చాలా నేల సముద్రం కంటే కింద ఉంటుంది. అయినా ఎవరి కాళ్ళూ తడవవు," అన్నారు. ఏటా వరదొచ్చే ఊరి పిల్లకు ఆ మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ సముద్రాన్ని ఆపే ఆ గట్టు ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఈ మూడు రోజులు పోతే అంత దూరం మళ్ళీ ఎవరు తీసుకెళ్తారు?

త్రినాథరావు చెయ్యి కడుక్కుని లేచాడు. వియన్నాలో ఉండి మన సినిమా షూటింగులకు అన్నీ అమర్చిపెట్టే నిఖిల్ అనే కుర్రాడిని సలహా అడుగుతూ ఆయన నిన్ననే ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "నిఖిల్ బాబూ, దసరాకి మూడు రోజులు. కొత్త ప్లేసు కావాలి. బయట ఎవరికీ చెప్పకు," అన్నది ఆ మెసేజ్. బయట ఎవరికీ చెప్పకు అన్న మాట అలవాటు కొద్దీ వచ్చింది. ఆ మాట తగిలించకుండా ఆయన పాల ప్యాకెట్ కూడా తెప్పించడు.

"నేను స్నానానికి వెళ్తున్నా. నిఖిల్ ఫోన్ చేస్తాడు. వీళ్ళెలాగూ కొట్టుకుంటున్నారు, నువ్వు ఫోనెత్తు. అడిగినదానికి జవాబు చెప్పు, అంతే," అని ఫోను ప్రణతి చేతిలో పెట్టాడు.

ఇక్కడ ఫిల్మ్ నగర్ ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త సినిమా సంగతి బయటపెట్టేదాకా, దాని పనిమీద ఎవరు ఏ దేశం వెళ్ళినా "ఫ్యామిలీ ట్రిప్ అండీ" అనే చెబుతారు. అందరూ అదే చెబుతారు కాబట్టి, నిజంగా పెళ్ళాం పిల్లలతో సరదాగా వెళ్ళేవాడి మాట అక్కడ ఎవరూ నమ్మరు. ఈ ఆచారం ప్రణతికి తెలియదు. ఆమెకు అబద్ధం చెప్పడమూ తెలియదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఫోను మోగాక తెలిసింది.

"నమస్తే అండీ, నిఖిల్‌ని. త్రినాథరావుగారి ఆఫీసేనా?"

"ఇల్లండీ. పెదనాన్న స్నానంలో ఉన్నారండీ. అడిగినదానికి నన్ను చెప్పమన్నారండీ."

"అలాగా! మంచిది. హీరో ఎవరండీ?"

ప్రణతి చున్నీ అందుకుంది. "హీరో ఎవరూ లేరండీ. పెదనాన్న, పెద్దమ్మ, అక్క, నేను. ఇంట్లోవాళ్ళమేనండీ."

అవతల ఒక చిన్న నవ్వు వినిపించింది. "అర్థమైందండీ. ఫ్యామిలీ ట్రిప్ అన్నమాట. నేనూ అలాగే అంటాలెండి. మరి మొత్తం మనుషులు?"

"మేం నలుగురమండీ. బస్సులో ఇంకో నలభైమంది ఉంటారండీ."

"నలభై నాలుగు. భోజనాలు?"

"వంటమనిషి మాతోనే వస్తాడంటండీ."

"పెద్ద ప్రాజెక్టేనండీ! సరే, ఏ దేశం అనుకుంటున్నారు?"

చున్నీ వేలికి చుట్టడం పూర్తయింది. ఆశ్చర్యం ఏమిటంటే, నిఖిల్ వేరే మాటలోకి వెళ్ళలేదు. జవాబు కోసం ఆగాడు. ప్రణతి జీవితంలో ఇలా జరగడం అదే మొదటిసారి.

"నెదర్లాండ్స్ అండీ," అంది. ఆపైన ఆపుకోలేక, "పూలతోటలు కాదండీ. సముద్రం కంటే కిందున్న చోటు," అంది.

"సముద్రం కిందా?" నిఖిల్ గొంతు మారిపోయింది. "బాబోయ్! ఎవరి ఐడియా అండీ ఇది?"

"నాదేనండీ. ఎవరికీ చెప్పకండి."

"నా తల తీసినా చెప్పను," అన్నాడు నిఖిల్.

త్రినాథరావు తల తుడుచుకుంటూ వచ్చి, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"అర్థమైందన్నారు పెదనాన్నా."

"బంగారంలాంటి కుర్రాడు," అని ఆయన పూజ గదిలోకి వెళ్ళిపోయాడు. చేసిన పని చెబుదామని ప్రణతి ఆయన వెనకే నాలుగడుగులు వేసి, గంట మోగడంతో ఆగిపోయింది.

పూజ పూర్తయ్యేసరికి గేటు దగ్గర లక్ష్మయ్య నిలబడి ఉన్నాడు. యూసుఫ్‌గూడలో ఉంటాడు, అవుట్‌డోర్ షూటింగులకు వంట చేస్తాడు. ఎడమ చంకలో అప్పడాల కట్ట, కుడి చేతిలో పచ్చడి జాడీ, ముఖంలో పుట్టెడు దుఃఖం.

"గిదేంది సార్? నన్ను ఇడ్సిపెట్టి వేరేటోన్ని తీస్కపోతున్నరా? నిఖిల్ సారు ఫోన్ జేసి, 'లక్ష్మయ్యా, నువ్వు గూడ సముద్రం కిందికి వస్తున్నవ్ గదా' అన్నడు. నేనేమో మంచిగ ఇంట్ల కూసున్న. నాకెవ్వరు చెప్పకపాయె."

"ఏ సముద్రం? అది టూరు లక్ష్మయ్యా. వంటమనిషి టూరువాళ్ళ మనిషి. మేం ఇంటివాళ్ళం సరదాకి వెళ్తున్నాం."

లక్ష్మయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సమజైంది సార్. గట్లనే అనాలె. పోయినపారి గూడ ఇంటోళ్ళ టూరే అన్నరు. నలభై రోజులు గాడ చలిల వండి పెడితిని."

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను!"

"అప్పుడు గూడ గిదే మాట అన్నరు సార్," అని లక్ష్మయ్య తిన్నగా వంటింట్లోకి నడిచాడు. "అమ్మా, గోంగూర పచ్చడి తెచ్చిన. జర రుచి చూడుండ్రి. ఉప్పు నీళ్ళల్ల గూడ పాడుగాదు."

ఆ తర్వాత వీధి నిండటానికి ఎక్కువసేపు పట్టలేదు. ముందు డాన్స్ మాస్టరు అసిస్టెంటు వచ్చి, స్టెప్పులు నీళ్ళ పైనా, లోపలా అని అడిగాడు. లోపలైతే చేతులకే ఉంటాయట, కాళ్ళకు రేటు వేరట. ఆయన వెనక బట్టలాయన ఎంత తడిసినా రంగు దిగని గుడ్డ బేళ్ళకు బేళ్ళు దించాడు. కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు ఆటో నిండా మనుషులతో దిగి, "వీళ్ళంతా ఈతొచ్చినవాళ్ళు సార్. రానివాళ్ళు వెనకాటోలో ఉన్నారు, నేర్చుకుంటామంటున్నారు," అన్నాడు. చివరికి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి థర్మాకోల్ తిమింగలం తోక పక్కింటి ప్రహరీ మీదికి వాలింది.

"పోయిన సెట్‌లోదండీ," అన్నాడు దాన్ని తెచ్చిన ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషి. "తల ఎవరో పట్టుకుపోయారు. తోక మాత్రం చెక్కుచెదరలేదు. తోక చూపిస్తే చాలండీ, జనం తల ఊహించుకుంటారు."

"ఇది టూరు నాయనా!" అని త్రినాథరావు రెండు చేతులూ జోడించి మెట్ల మీద నిలబడి అరిచాడు. "ఫ్యామిలీ ట్రిప్! ఒట్టు!"

వీధంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. "ఒట్టు కూడా వేస్తున్నాడంటే చాలా పెద్ద సినిమా," అన్నాడు బట్టలాయన.

మామ్మ వరండాలో వాలుకుర్చీ వేయించుకుని, వచ్చిన బొకేలన్నీ తానే అందుకుని అందరినీ దీవిస్తోంది. "ఒరేయ్ త్రినాథం, కన్నతల్లికి కూడా చెప్పవురా? పోనీలే, సముద్రం కింద చలిగా ఉంటుంది, మఫ్లరు పట్టుకెళ్ళు," అంది.

పద్మప్రియ ఫోను చూస్తూ మేడ దిగింది. "నాన్నా, నీ సినిమా బడ్జెట్ ఇందాకటికి రెట్టింపయిందట. ఈ చానెల్ వాడైతే హీరోయిన్‌గా కొత్త ముఖం కోసం వెతుకుతున్నారని పెట్టాడు." ఆ మాట అన్న పిల్ల గిర్రున తిరిగి మళ్ళీ మేడెక్కింది. దిగేసరికి పట్టు పరికిణీలో ఉంది.

వంటింట్లో పాలు మూడోసారి అయిపోయాయి. లీలాకుమారి ప్రణతిని పెరటి గుమ్మంలోంచి పాలకు పంపించింది. సందు చివర కొట్టతను ప్యాకెట్లు అందిస్తూ, "ఏమ్మా, మీ ఇంట్ల సినిమా అంట గదా?" అన్నాడు.

"కాదండీ. మేం ఊరెళ్తున్నామండీ."

అతను పాల ప్యాకెట్లలో ఒకటి ఎక్కువ వేశాడు. "మా తమ్మునికి చిన్న వేషం ఉంటే చూడమ్మా. చేప వేషమైనా ఫరక్ పడదు."

ఆ ఎక్కువ ప్యాకెట్ పట్టుకుని ప్రణతి దాదాపు ఏడుస్తూ ఇంటికొచ్చింది. తను చెప్పినవన్నీ నిజాలే. ఒక్కటి కూడా అబద్ధం లేదు. అయినా వీధిలో తిమింగలం ఉంది.

వంటింట్లో పెద్దమ్మ స్టవ్ ముందు కూర్చుని ఉంది. కాఫీ పొంగి పొయ్యి మీద పడుతున్నా లేవలేదు. త్రినాథరావు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఒక్క మాట నిజం చెప్పండి. టూరని నన్ను మభ్యపెట్టి షూటింగ్‌కి తీసుకెళ్తున్నారు కదూ?"

"లీలా! నువ్వు కూడానా?"

"నేను కూడానే. పెళ్ళయిన కొత్తలో ఊటీకి హనీమూన్ అన్నారు. దిగాక చూస్తే యూనిట్ మొత్తం ఉంది. నాలుగు రోజులు నేను హీరో తల్లికి తోడున్నాను. యూరప్‌లో ఎవరి తల్లికి తోడుండాలో చెప్పండి, ఇప్పుడే తేల్చుకుంటాను. ప్రణతీ, నీ సూట్‌కేసు కూడా అటక మీద పెట్టెయ్యమ్మా. మనం ఎక్కడికీ వెళ్ళట్లేదు."

ప్రణతి నోరు తెరిచింది. అదే సమయానికి బయట జనం "సార్ వచ్చారు, సార్ వచ్చారు" అంటూ రెండుగా చీలారు.

జూబ్లీహిల్స్ నుంచి నిర్మాత అచ్యుతరామయ్య కారు దిగాడు. త్రినాథరావు ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నది ఆయన దగ్గరే. మడత నలగని తెల్ల లాల్చీ, మడత పడిన నుదురు. వెనక ఇద్దరు రచయితలు దిగారు. కారులో స్టెప్నీ టైరు లేకపోయినా వెళ్తాడు గానీ ఆయన రచయితలు లేకుండా ఇల్లు కదలడు. హాల్లో సోఫాలో కూర్చుని, తిమింగలం తోక కిటికీలోంచి కనిపిస్తుంటే దాన్నే చూస్తూ అడిగాడు.

"ఎవరికి చేస్తున్నావయ్యా త్రినాథం?"

"ఎవరికీ లేదు బాబుగారూ! ఫ్యామిలీ ట్రిప్..."

"ఆ మాట నా దగ్గరా? ఆ మాట ఇండస్ట్రీకి నేర్పిందే నేను. నా ఉప్పు తిని, నాకు చెప్పకుండా సముద్రం కింద సినిమా తీస్తావా? అదీ దసరాకి నా దగ్గర సెలవు తీసుకుని! ఆ సెలవు ఇప్పుడే రద్దు చేస్తున్నాను. నువ్వు ఏ దేశం వెళ్తావో, నా దగ్గర ఎలా పనిచేస్తావో చూస్తాను."

త్రినాథరావు ముఖం పాలిపోయింది. గుమ్మం దగ్గర లీలాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు భర్త మీద అనుమానం అప్పటికే పోయింది. ఆయన అంత బాగా నటించలేడని ఆవిడకు తెలుసు. ప్రణతి కాఫీ ట్రే పట్టుకుని హాలు మధ్యలో నిలబడి ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే నెదర్లాండ్స్ సరే, పెదనాన్న ఉద్యోగం కూడా పోతుంది. చుట్టుకోవడానికి చున్నీ చేతికందలేదు, చేతిలో ట్రే ఉంది. ఇక దారిలేక ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, బడి ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పినట్టు ఒక్క బిగిన చెప్పేసింది.

"నేనేనండీ చెప్పింది. పెదనాన్న స్నానంలో ఉన్నారండీ. నిఖిల్‌గారు ఏ దేశం అంటే నేనే నెదర్లాండ్స్ అన్నానండీ. నలభైమందీ టూరు బస్సువాళ్ళండీ. సినిమా లేదండీ. నాకు చూడాలనుందని నేనే చెప్పేశానండీ."

అచ్యుతరామయ్య కాఫీ కప్పు తీసుకున్నాడు. "నీకెందుకమ్మా చూడాలనుంది?"

ప్రణతి ఒక కన్ను తెరిచింది. మళ్ళీ ఎవరో జవాబు కోసం ఆగి ఉన్నారు.

"మా ఊళ్ళో శ్రావణంలో గోదారి పొంగుతుందండీ. మా ఇంటి మూడో మెట్టు దగ్గర ఆగితే ఫర్వాలేదు, వంట చేసుకుంటాం. నాలుగో మెట్టెక్కితే గ్యాసు పొయ్యి, బియ్యం అటకెక్కిస్తాం. గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలేస్తాం. గట్టు తెగుతుందేమోనని ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని దాని మీద తిరుగుతూనే ఉంటారండీ. మా అమ్మ నన్ను పడుకోమంటుంది, తను మాత్రం పడుకోదు. వాళ్ళ దేశంలో గట్టవతల సముద్రమే ఉంటుందటండీ. అయినా దీపాలార్పుకుని అందరూ హాయిగా పడుకుంటారట. ఎలా నిద్రపడుతుందో చూసి, వచ్చి మా అమ్మకు చెబుదామని." ఆమె ఆగింది. "అంతేనండీ."

లక్ష్మయ్య భుజం మీది తువ్వాలు తీసి ముక్కు చీదాడు. అచ్యుతరామయ్య తాగని కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. మెల్లగా రచయితల వైపు తిరిగి, "ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందయ్యా?" అన్నాడు.

"నాలుగో మెట్టు దగ్గరండీ," అన్నాడు మొదటి రచయిత తడుముకోకుండా.

"త్రినాథం!" అని అచ్యుతరామయ్య లేచి నిలబడి ఆయన్ని కౌగిలించుకున్నాడు. "ఇంత కథ ఇంట్లో పెట్టుకుని టూరంటావేమయ్యా?"

"టూరే బాబుగారూ!"

"చూశారా? కథ బయటపడ్డాక కూడా టూరే అంటున్నాడు. మేనేజరంటే ఇలా ఉండాలి. ఈ సినిమా నేనే తీస్తున్నాను, వచ్చే ఏడాది. నీ సెలవు నీకిచ్చేశాను. నువ్వెళ్ళి ఆ దేశం ఒకసారి చూసిరా."

అప్పుడే ట్రావెల్స్ అతను ఫోన్ చేశాడు. పన్నెండు కావస్తోంది, ఊరి పేరు కావాలన్నాడు. త్రినాథరావు నోరు తెరిచేలోపు లీలాకుమారి ఫోను లాక్కుంది.

"ఏమండీ, ఆ నెదర్లాండ్స్‌కి మీరెప్పుడైనా వెళ్ళారా?"

"లేదు లీలా. గాలి ఎక్కువ, విగ్గులు నిలవవని మావాళ్ళెవరూ ఒప్పుకోలేదు."

"అక్కడ మీకు తెలిసినవాళ్ళు?"

"ఒక్కడూ లేడు."

లీలాకుమారి ముఖం వెలిగిపోయింది. "బాబూ, నెదర్లాండ్స్. నలుగురం. మూడు రోజులూ అక్కడే," అని ఫోనులో చెప్పి, అది తన నడుంలో దోపుకుంది. "బాబుగారూ, మీ సినిమా వచ్చే ఏడాది కదా. ఆ మూడు రోజులు మాత్రం ఈయన మేనేజరు కాదు, నా మొగుడు. లొకేషన్లు చూడరు. కళ్ళతో చూస్తారు."

"అలాగేనమ్మా," అన్నాడు అచ్యుతరామయ్య. ఆ గొంతు విన్నాక ఎవరైనా అలాగే అంటారు. పద్మప్రియ పట్టు పరికిణీలోనే వచ్చి, సముద్రం కింద సాయంత్రం వెలుతురు ఎలా ఉంటుందో ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. మామ్మ వరండాలోంచి, "స్విట్జర్లాండ్‌కి దగ్గరేనా అది? వందన అడిగితే ఏం చెప్పాలి?" అంది.

ప్రణతికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పెద్దమ్మ వచ్చి ట్రే అందుకుని ఆమె చెంప నిమిరింది. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం దాచుకున్నావే పిల్లా? వెళ్ళు, గేటు దగ్గర వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యి. పాలు మళ్ళీ అయిపోయాయి."

"సినిమా సంగతి మాత్రం చెప్పకమ్మాయ్," అని అచ్యుతరామయ్య హెచ్చరించాడు. "బయట ఎవరికీ తెలియకూడదు."

ప్రణతి గేటు దాకా వెళ్ళింది. వీధి వీధంతా ఆమె ముఖంలోకి చూసింది. పెద్దమ్మ ఏదో ఒకటి చెప్పమంది, ఆయనేమో చెప్పవద్దన్నాడు. కానీ ఆ పిల్లకు ఏదో ఒకటి చెప్పడం ఎలాగో చేతకాదు. అంతమంది ఎండలో నిలబడి ఉన్నారు, అడుగుతున్నారు.

"సినిమానేనండీ," అంది తల వంచుకుని. "ఇప్పుడే ఓకే అయిందండీ. వచ్చే ఏడాది తీస్తారంటండీ."

బట్టలాయన పెదవి విరిచాడు.

"నిజంగా సినిమా ఉంటే ఎవరైనా గేటు దగ్గరికొచ్చి ఇలా చెబుతారటండీ?"

"అవును. అచ్యుతరామయ్యగారు తీసే సినిమా అయితే ఆ సంగతి ఈ పిల్ల చేత చెప్పిస్తారా? ఏదో ఇంటివాళ్ళ టూరే అయ్యుంటుంది," అన్నాడు డాన్స్ అసిస్టెంటు.

"పొద్దుటి నుంచి పాపం ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు, మనమే వినలేదు," అన్నాడు ఏజెంటు. ఆటోలు ఒక్కొక్కటే స్టార్టయ్యాయి. బట్టల బేళ్ళు ఎక్కాయి. తిమింగలం తోక పక్కింటి ప్రహరీని వదిలి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు ఊగుతూ వెళ్ళిపోయింది. లక్ష్మయ్య ఒక్కడే మిగిలి, జాడీ మూత బిగిస్తూ, "నాకు మాత్రం నీ మాట మీద నమ్మకమున్నది బిడ్డా. కానీ జర ఇంకోపారి చెప్పు, సినిమానా, టూరా?" అన్నాడు.

"రెండూనండీ."

"గిట్లైతే ఎట్ల బతకాలె," అని ఆయన కూడా వెళ్ళిపోయాడు.

ప్రణతి పరుగున లోపలికొచ్చింది. హాల్లో సోఫాలు దగ్గరికి జరిపారు. రచయితలు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఒకాయన అప్పుడే "నాలుగో మెట్టు" అని కాగితం మీద రాసి కింద గీత గీశాడు. తన మెట్టు, తన గోదారి, తన అమ్మ. పట్టలేని సంబరంతో ఆమె గుమ్మంలో అడుగు పెట్టబోయింది. అచ్యుతరామయ్య లేచి ఎదురొచ్చాడు.

"ఎక్కడికమ్మాయ్?"

"కథ వినడానికండీ."

"కథా చర్చలమ్మా. కథతో సంబంధం లేనివాళ్ళు గదిలో ఉంటే మాకు కలిసిరాదు. ఏమనుకోకు." ఆయన ఎంతో మర్యాదగా, నవ్వుతూ, ఆమె ముఖం మీదే తలుపు మూశాడు.

అవతల నుంచి రెండో రచయిత గొంతు వినిపించింది: "కథ అద్భుతంగా ఉందండీ, మధ్యలో ఆ అమ్మాయి ఒక్కతే అడ్డంగా ఉంది."